ముక్కు చిట్లించిన ఊరు

మా ఆఫీసులో ఏసీ ఎవరి మాటా వినేది కాదు. బయట గల్ఫులోని ఈ మనామా ఎండకు కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. లోపల నేను శాలువా కప్పుకుని, ఉత్తర ధ్రువం దగ్గరి ఒక ఊళ్ళో కట్టబోయే కరెంటు ప్రాజెక్టు మీద ఇంగ్లీషు రిపోర్టు దిద్దుతూ ఉండేదాన్ని. "ఈడ కూసోని ఆడి మంచు గురించి నువ్వేం రాస్తవ్?" అని మా ఆయన ఏడిపించేవాడు. ఆయన ఇదే ఊళ్ళో సల్మానియా పేటలోని పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టు. మా ఫ్లాటు కూడా ఆ పక్క వీధిలోనే. మందు సీసా మీద రాసి ఉన్నది తప్ప ఇంకేదీ ఒక పట్టాన నమ్మని మనిషి.

నిజానికి అందులో వింతేమీ లేదు. ఇలాంటి పనులు ఎక్కడ చవగ్గా అవుతాయో అక్కడికి వస్తాయి. ఎక్కడో చల్లని నగరంలో పెద్ద కంపెనీ కాంట్రాక్టు తీసుకుంటుంది. లెక్కలు, పటాలు, రాతకోతలు మాలాంటి చిన్న ఆఫీసుకు పంపుతుంది. పటాలు గీసేది ఒక ఫిలిప్పీన్స్ ఇంజనీరమ్మ. రాతలు దిద్దేది నేను. మా ఇద్దరి పని మీదా సంతకం పెట్టేది మా మేనేజరు. ఆయనది గోదావరి వైపు. పాతికేళ్ళుగా గల్ఫులోనే ఉండి, తియ్యగా మాట్లాడుతూనే పని చేయించుకోవడం బాగా నేర్చినవాడు. అరబ్బీలో 'యల్లా', పదండి అని మొదలుపెట్టి 'ఖలాస్', అయిపోయింది అనేలోపు మన చేత మూడు పనులు ఒప్పించేసేవాడు.

నాది ఉత్తర తెలంగాణ. మా ఊరి కింద బొగ్గు ఉంది. ఉందని తెలిసిన నాటి నుంచి ఊరు లేదు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే అయ్యో పాపం అంటారు. అయ్యో పాపం అనిపించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు.

రిపోర్టులోని ఊరు కెనడా ఉత్తరపు కొసన, సముద్రపు ఒడ్డున ఉంది. ఇన్యూట్ ప్రజల ఊరు. బయటి నుంచి రోడ్డు లేదు. ఎండాకాలంలో మంచు కరిగాక ఓడ వస్తుంది, ఏడాదికి సరిపడా డీజిలు దింపి పోతుంది. బడి వెనక జనరేటర్లు ఆగకుండా తిరుగుతాయి. వాటి మసి మంచు మీద పేరుకుంటుంది. చలికాలంలో జనరేటరు మొరాయించిందంటే ఊరంతా పిల్లాపాపలతో ఒక్క హాల్లో చేరాల్సిందే. డీజిలంటే వాళ్ళకు ప్రేమేమీ లేదు. ఆ జనం పాతకాలపు బొమ్మల్లో చూపించినట్టు ఉంటారని నేనేమీ అనుకోలేదు కూడా. పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, ఇళ్ళల్లో వాషింగ్ మెషీన్లున్నాయి, అందరిలాగే వాళ్ళకూ కరెంటు కావాలి.

ఊరి పక్కన నది. అది సముద్రంలో కలిసే ముందు ఒకచోట రాళ్ళ మీదుగా దూకుతుంది. ఎండాకాలం చివర్లో సముద్రం నుంచి ఎర్రపొట్ట చేపలు ఆ రాళ్ళు ఎక్కి, పైనున్న చెరువుకు పోతాయి. చలికాలమంతా ఊరు తినేది ఆ చేపలనే. సరిగ్గా ఆ రాళ్ళ దగ్గర ఆనకట్ట కట్టాలన్నది ప్రాజెక్టు. కరెంటులో ఎక్కువ భాగం అక్కడి కొండల అవతల తవ్వబోయే గనికి పోతుంది. గని వాడుకోగా మిగిలింది ఊరికి ఇస్తారు. చేపలకు పక్కనుంచి సిమెంటు మెట్లు కడతామన్నారు. చేపలు ఆ మెట్లు ఎక్కుతాయని ఎవరూ హామీ ఇవ్వలేదు, "ఎక్కగలవని ఆశిస్తున్నాం" అని రాశారు.

రిపోర్టు నిండా "స్థానిక స్వచ్ఛ ఇంధనం" అన్న మాటే. దిద్దినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. స్థానికం అంటే నీళ్ళు అక్కడివని మాత్రమే. ఆ నీళ్ళు ఎవరివన్నది ఆ మాటలో ఎక్కడా లేదు. మా ఊరి బొగ్గు కూడా స్థానికమే కదా! దాంతో ఎక్కడెక్కడి పట్నాలో వెలిగాయి. మా అమ్మ మాత్రం కరెంటు పోయిందని రోజూ సాయంత్రం కందిలి తుడుచుకునేది.

పైగా ఆ ఊరివాళ్ళు ఊరకే కూర్చోలేదు. మా కంపెనీలన్నిటికంటే ముందే వాళ్ళొక ఆలోచన చేసుకున్నారు. విమానాలు దిగే చోటు వెనక ఒక గుట్ట ఉంది. అక్కడ గాలి ఎప్పుడూ ఆగదు. గాలిమరలు అక్కడ పెట్టుకుందాం, అవి ఊరి సంఘానివే అయి ఉండాలి, గాలి లేనప్పుడు మాత్రమే డీజిలు కాల్చుకుందాం అన్నారు. దాన్ని రిపోర్టు చివర ఒక మూలకు తోసేసి, "లాభసాటి కాదు" అని తేల్చారు. లాభం ఎవరికి కాదో రాయలేదు.

అప్పు ఇచ్చే బ్యాంకులు ఒక్క షరతు పెట్టాయి. ఊరి సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి వాక్యం ఉండాల్సిన అధ్యాయమే నా చేతికి వచ్చింది. ఊరి హాల్లో ఒక మీటింగు పెట్టి, కంప్యూటర్ తెర మీద ప్రశ్నలు అడిగారు. దాని వీడియో, కంప్యూటరు తనంతట తాను రాసిన మాటల ప్రతి, రెండూ నాకు పంపారు. వాటిని చక్కటి ఇంగ్లీషులోకి మార్చి పెట్టడమే నా పని. "అభ్యంతరాలేవీ వ్యక్తం కాలేదు" అన్న వాక్యం మాత్రం ముందే టైపు చేసి పంపారు.

ప్రతిలో ప్రతి ప్రశ్న కింద ఒకటే మాట: సమాధానం లేదు. డీజిలు వల్ల ఇబ్బంది పడుతున్నారా? సమాధానం లేదు. కరెంటు ఇంకా కావాలా? సమాధానం లేదు. రాళ్ళ దగ్గర ఆనకట్ట మీకు సమ్మతమేనా? సమాధానం లేదు. ఒక ఊరు ఊరంతా మూగదై పోయిందా అని నాకే విసుగొచ్చి, వీడియో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను.

ఇక్కడ మా ఇంజనీరమ్మ సంగతి ఒకటి చెప్పాలి. నేను ఆ ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు, పటం అయిందా అని అడిగితే ఆమె పలికేది కాదు. రెండు కనుబొమ్మలూ పైకి ఎగరేసి ఊరుకునేది. నాకు కోపం నషాళానికి అంటేది. ఎంత పొగరు, నోరు విప్పితే ముత్యాలు రాలతాయా అనుకునేదాన్ని. చాలా రోజులకు తెలిసింది, వాళ్ళ దేశంలో కనుబొమ్మలు ఎగరేస్తే అవును అని అర్థమట. ఆమెకు నాతో ఇంకో గొడవ. నేను సరేనని తల అటూ ఇటూ ఊపితే వద్దంటున్నానని అనుకుని, గీసిన పటాలు మళ్ళీ మళ్ళీ గీసిందట పాపం. తెలిశాక ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆనాటి నుంచి ఆమె నాకు దగ్గరిదైంది.

నేను వీడియో చూస్తుంటే ఆమె టీ కప్పుతో నా వెనక నుంచి పోతూ ఆగింది. తెర మీద హాలు, వరసగా కుర్చీలు, ముందు వరసలో ముసలివాళ్ళు. డీజిలు ప్రశ్న అడిగారు. ఎవరూ పలకలేదు.

"అవునంటున్నారుగా," అంది ఆమె.

"ఎవరు?"

"అందరూ. కనుబొమ్మలు చూడు."

వెనక్కి తిప్పి చూశాను. నిజమే. ప్రశ్న అవగానే ముందు వరస కనుబొమ్మలన్నీ పైకి లేచాయి. కరెంటు ఇంకా కావాలా అన్నప్పుడు మళ్ళీ లేచాయి. ఆనకట్ట ప్రశ్న వచ్చింది. ఈసారి కనుబొమ్మలు లేవలేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ ముక్కు చిట్లించింది. ఆమె పక్కనున్నాయన చిట్లించాడు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు, చంకలో బిడ్డ ఉన్న తల్లి, అందరూ ముక్కులు చిట్లించారు. ఎక్కడో ఉన్న కంపెనీ మనిషి "ధన్యవాదాలు, తర్వాతి ప్రశ్న" అన్నాడు.

ముక్కు సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మాకిద్దరికీ అనుమానం మాత్రం ఒకటే. ఆ మీటింగుకు దుబాసీగా పనిచేసినావిడ నంబరు మా దగ్గర ఉంది. ఫోన్ చేశాను. ఆవిడ కూడా ఇన్యూటే, వేరే ఊళ్ళో ఉంటుంది. ఆ రోజు ఆవిడకు బొమ్మ చూపించలేదు, మాటలు మాత్రమే వినిపించారు. నేను చూసింది చెబితే, ముక్కుల సంగతి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మాకు కనుబొమ్మలు ఎత్తితే అవును. ముక్కు చిట్లిస్తే కాదు. చిన్నపిల్లకు కూడా తెలుసు. వాళ్ళు పలకకపోతే ఇంకా మాట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. వాళ్ళు కాదన్నారన్నమాట."

ఊరంతా కాదంది. దాన్ని ఒప్పుకున్నట్టు రాయమంటున్నారు.  

శుక్రవారం మా తమ్ముడు వచ్చాడు. వాడు అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టరు క్యాంపులో ఉంటాడు, పరంజాలు కట్టే పని. వారమంతా క్యాంపు తిండి తిని శుక్రవారం మా ఇంట్లో జొన్నరొట్టె, మటన్ కూర తినిపోతాడు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా, మా ఊరివాళ్ళందరికీ లాగే వాడికీ గల్ఫంతా దుబాయే. ఈ ముచ్చట చెబితే రొట్టె తుంచడం ఆపాడు.

"గట్లనే అక్కా. మనూర్ల గూడ గంతే గదా. ఆఫీసర్లు అచ్చి భూములిస్తరా అంటే మనోళ్ళు ఏమన్నరు?"

"సూద్దాం తీ సారూ అన్నరు."

"సూద్దాం తీ అంటే ఏంది?"

"ఇయ్యం అని."

"మనకెర్క. ఆళ్ళు రాసుకున్నది ఏంది? ప్రజలు పరిశీలిస్తం అన్నరని." వాడు కోపంగా నవ్వాడు. "ఇంటికచ్చిన పెద్దమనిషిని పట్టుకోని పో అని మొఖం మీద ఎట్లంటరు? మర్యాద గాదని గట్లన్నరు. గా మర్యాదనే ముంచింది మనల."

మా ఆయన పెరుగు వడ్డిస్తూ, "అయితే ఏం జేస్తవ్ ఇప్పుడు?" అన్నాడు.

"రాస్త. ముక్కులు చిట్లించిండ్రని రాస్త."

"నౌకరి పోతది."

"పోతే పోనియ్."

ఆ మాట అనడం నాకు తేలికే. నా వీసా మా ఆయన ఉద్యోగం మీద ఉంది. జీతం పోతుంది కానీ దేశం విడిచి పోనక్కర్లేదు. అదే మాట మా తమ్ముడు వాడి సూపర్‌వైజరుతో అంటే మర్నాడు విమానం ఎక్కాల్సిందే. ఆ తేడా నాకు తెలుసు. తెలుసు కాబట్టే నోరు మూసుకోవడానికి నాకు ఏ సాకూ మిగల్లేదు. మూసుకోవాల్సిన వాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. తెరవగలిగిన వాళ్ళం కూడా మూసుకుంటే ఇంక మాట్లాడేదెవరు?

ఇక్కడ ఆఫీసు వారం మొదలయ్యే ఆదివారం పొద్దున్నే అధ్యాయం రాసి మేనేజరుకు పంపాను. ఏ ప్రశ్నకు ఎవరేం చెప్పారో, ఎలా చెప్పారో, అలానే రాశాను. "అభ్యంతరాలేవీ వ్యక్తం కాలేదు" అన్న వాక్యాన్ని కొట్టేశాను. పది నిమిషాల్లో గదిలోకి పిలుపు వచ్చింది.

"ఏంటమ్మా ఇది? ముక్కులు, కనుబొమ్మలు అని రాసేశారు! బ్యాంకువాళ్ళు నవ్విపోతారండి."

"నవ్వనియ్యండి సార్. వాళ్ళు కాదన్నరు."

"నోటితో అన్నారా?"

"మొఖంతోని అన్నరు. వాళ్ళ భాషల అది నోటితోని అన్నట్టే."

"చలికి చిట్లించుంటారమ్మా."

"హాల్ల అందరు కోట్లు విప్పేసి కూసున్నరు సార్. ఒక్క ఆనకట్ట ప్రశ్నకే చలి పెట్టిందా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడని చెప్పను. ఆయనకు తను చేసేది మంచిపనే అనిపించింది, అదే చిక్కు. "చూడండమ్మా, అక్కడ పిల్లలు డీజిలు పొగ పీలుస్తున్నారు. మనమేం బొగ్గు కాలుస్తామన్నామా? నీళ్ళ కరెంటండి. భూమి వేడెక్కిపోతోంది, మంచు కరిగిపోతోందని ముందు ఏడ్చేది వాళ్ళే. ఇంతకంటే ధర్మమైన పని ఏముంటుంది చెప్పండి?"

"అంత ధర్మమైతే వాళ్ళు ఒప్పుకున్నరని అబద్ధం రాసుడెందుకు సార్?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కంప్యూటరు వైపు తిరిగాడు.  కరెంటు మంచిదే. నీళ్ళ కరెంటు బొగ్గు కంటే మంచిదే. ఆ మాటలు నేను కాదనలేదు. కానీ మంచి కరెంటు కోసం వాళ్ళ కూటికి అడ్డం కట్టడం ఎలా మంచిదవుతుంది? మంచు కరిగించింది ఎవరు? నిలువెల్లా ఏసీలు పెట్టుకున్న మాలాంటి ఊళ్ళు. ఆ తప్పు దిద్దుకోవడానికి ఒక చిన్న ఊరి చేపలను పణంగా పెట్టాలట. అదీ వాళ్ళు ఒప్పుకున్నారని చెప్పి. పర్యావరణం పేరు పెట్టుకుంటే దౌర్జన్యం దౌర్జన్యం కాకుండా పోతుందా? గుట్ట మీద గాలిమరలు కూడా స్వచ్ఛమైనవే కదా. వాటిలో లేనిదల్లా గనికి వాటా.

ఆయన నా అధ్యాయంలో ముక్కులన్నీ తీసేసి, పాత వాక్యం తిరిగి పెట్టి కంపెనీకి పంపాడు.  ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అంట్లగిన్నెల మీద కోపం చూపించాను.

రిపోర్టు ముగించే ముందు ఊరితో ఇంకొక్క మీటింగు జరపాలని కంపెనీ అంది. ఊరికే ఒక లాంఛనం. మాకు సాయంత్రం, వాళ్ళకు పొద్దున. మా ఆఫీసు మీటింగు గదిలో మేనేజరు, ఇంజనీరమ్మ, నేను. నా మైకు మూసి ఉంచి, జరిగింది రాసుకోవడం నా పని. తెర మీద ఎవరి బొమ్మ పెద్దగా చూపాలో చూసుకోవడం ఆమె పని. ఈసారి దుబాసీ తన ఖర్చుతో విమానం ఎక్కి ఆ హాల్లోనే వచ్చి కూర్చుంది. నేను రమ్మని అడగలేదు, తనే వస్తానంది.

కంపెనీ మనిషి చకచకా మాట్లాడాడు. గతసారి అభ్యంతరాలు రాలేదు కాబట్టి ముందుకు పోతున్నాం, అందరికీ ధన్యవాదాలు, ఎవరైనా ఏమైనా చెప్పాలా, సరే అయితే అని ముగించబోయాడు. దుబాసీ ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉంది.  ఇంజనీరమ్మ వైపు చూశాను. ఆమె రెండు కనుబొమ్మలూ ఎత్తి, హాలు బొమ్మను తెర నిండా పెట్టింది.

మైకు తెరిచాను.

"ఒక్క నిమిషం. రాసుకునేది నేను. గతసారి జవాబు నాకు సరిగా అందలేదు. మళ్ళీ అడుగుతున్నాను. నది రాళ్ళ మీద దూకే చోట ఆనకట్ట కట్టడం మీకు సమ్మతమేనా?"

ఇంగ్లీషులో అడిగాను.  దుబాసీ వాళ్ళ మాటలో చెప్పింది. ముందు వరసలో ముసలమ్మ ముక్కు చిట్లించింది. ఆమె వెనక వరస, దాని వెనక వరస. గోడకు ఆనుకుని నిలబడిన మగవాళ్ళు కూడా. కంపెనీ మనిషి ముఖం తెరలో ఒక మూల చిన్నదై ఉండిపోయింది.

"కాదన్నారు," అన్నాను పైకి. "రాసుకుంటున్నాను."

మేనేజరు బల్ల కింద నా కాలు తొక్కాడు. బూట్లు వేసుకున్నాను కాబట్టి నొప్పి తెలియలేదు. అప్పుడు ఆ ముసలమ్మ లేచింది. ఒక చేత్తో ముందు కుర్చీ పట్టుకుని నెమ్మదిగా మాట్లాడింది, దుబాసీ ఆగి ఆగి చెప్పింది.

"మాకు వెలుగు వద్దనలేదు. ఆ జనరేటరు చప్పుడుకు నా చెవులు పోయాయి, అది ఆగితే నేనే ముందు నవ్వుతాను. గుట్ట మీద గాలి ఉంది, అక్కడ పెట్టండని ఎప్పుడో చెప్పాం. ఆ రాళ్ళ దగ్గర వద్దు. అక్కడ మా అమ్మ చేపలు పట్టింది, నేను పట్టాను, నా మనవరాలు పోయినేడు మొదటి చేప పట్టింది. మొదటిసారి చెప్పాం, ఇప్పుడు చెప్పాం. ఇంక అడగొద్దు."

ఆమె కూర్చుంది. ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, రాస్తూ ఉన్నాను. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసి, కంపెనీకి, బ్యాంకువాళ్ళకు, దుబాసీ చేతికి ఒకేసారి పంపించేశాను. మేనేజరును అడిగి పంపలేదు.

ఆ ఉద్యోగం ఇప్పుడు నాకు లేదు. అయితే పోయింది ఆ మీటింగు వల్ల కాదు. మీటింగు మినిట్స్ పంపినందుకు ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. మూడో రోజు టీ తెప్పించి, కుర్చీ చూపించి, మళ్ళీ తియ్యగా మొదలుపెట్టాడు.

"సరేనమ్మా, వాళ్ళు వద్దన్నారు, మీరు రాశారు. గొడవెందుకు? కంపెనీ మళ్ళీ మీటింగు పెడతానంటోంది. ప్రశ్నలు కొంచెం మార్చి రాయమన్నారు. మీరైతే బాగా రాస్తారు. ఆనకట్ట ఎడమగట్టు వైపు జరపాలా, కుడిగట్టు వైపు జరపాలా? ఎత్తు తగ్గించాలా? చేపల మెట్లు ఎటు పక్కన ఉంటే బావుంటుంది? ఇలా అన్నమాట. వాళ్ళకీ గౌరవంగా ఉంటుంది, అడిగినట్టూ ఉంటుంది."

ఆ ప్రశ్నలు చదివాను. ఒక్కదానికి కూడా కాదు అని చెప్పే వీలు లేదు. ముక్కు చిట్లించినా, కనుబొమ్మలు ఎత్తినా, ఆనకట్ట మాత్రం ఉంటుంది. నాకు ఒక్కసారిగా చలి వేసింది. అది ఏసీ చలి కాదు.

"సార్, మా ఊరి ముచ్చట మీకు చెప్పలే కదా," అన్నాను.

"ఇప్పుడు ఊరి సంగతెందుకండీ?"

"మా ఊరి కింద బొగ్గున్నది. ఆఫీసర్లు ఎన్నిసార్లు అడిగినా మావోళ్ళు ఎటు తేల్చలే. ఆఖరి మీటింగుల ఆఫీసర్లు భూమి ఇస్తరా అని అడుగనే లేదు. కొత్త కాలనీ ఎటు దిక్కు గావాలె అని అడిగిండ్రు. ఎవ్వలు మాట్లాడలే. మా పెదనాయిన ఊర్ల పెద్దమనిషి. అంత దూరం నుంచి అచ్చినోళ్ళు అడుగుతుంటే సప్పుడు జేయకపోతే బాగుండదని, తూర్పు దిక్కు వేలు సూపెట్టిండు. అంతే సార్. గ్రామస్తులు తూర్పు దిక్కు స్థలం కోరుకున్నరు అని రాసుకోని పోయిండ్రు. ఊరంతా ఒప్పుకున్నట్టు అయిపోయింది."

మేనేజరు టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. తాగలేదు, కింద పెట్టలేదు.

"ఊరు పోయినంక పెదనాయిన ఇంకో పదేండ్లు బతికిండు. మల్ల దేనికి వేలు సూపెట్టలే. ఆకాశంల సందమామను సూపెట్టమని మనుమడు ఏడిసినా సూపెట్టలే. ఎవలన్న దారి అడిగితే గూడ, చెయ్యి లేపకుంట, గాళ్ళ ఎంబడి నడిసి పొయ్యి ఆ ఇంటి ముంగట నిలబెట్టి అచ్చెటోడు."

 ఆయన కప్పు బల్ల మీద పెట్టి, "నాకు అర్థమైందమ్మా. కానీ ఇది మీరు రాయకపోతే ఇంకొకళ్ళు రాస్తారు. మీ ఉద్యోగం కాంట్రాక్టు రెన్యువల్ దగ్గర పడుతోంది, ఆలోచించుకోండి," అన్నాడు.

ఆ కాగితం ఆయన వైపు తిరిగి జరిపాను.

"ఇంకొకళ్ళతోని రాయించుకోండి సార్. ఆ ముసలమ్మను వేలు సూపెట్టుమని నేను అడుగ."